సైకిలు చీటీకి టీకా తాత్పర్యము

ఉపోద్ఘాతము. కావ్యాదియందు ఆశీస్సో, నమస్క్రియయో, వస్తునిర్దేశమో ఉండవలెనని ఆలంకారికులు విధించియుండగా, గోదావరిఖనిలో బొగ్గుబాయిన పనిచేయు నా మిత్రుడు తన జీతపు చీటీ వెనుకవైపున రచించిన ఈ గ్రంథమున ఆ మూడింటిలో ఒక్కటియు కానరాదని కొందరు ఆక్షేపింతురు. చీటీ ముందువైపున కోతల పట్టిక యున్నది. దానిని చదివినవారికి, ఈ మనుష్యుడు ఎక్కడికైనను పోవలెనని ఏల సంకల్పించెనో వేరుగా నిర్దేశింప నక్కరలేదు. మూలము నాలుగే వాక్యములు:

"మనాలికెల్లి లేహ్ దాక సైకిల్ మీద పోవుడు. లీవు పదిహేను దినాలు. సామాను తక్వ. ఇంట్ల జెప్పుడు తర్వాత."

లాంప్ రూములో టోపీ దీపములు ఇచ్చి పుచ్చుకొను గుమాస్తానగు నేను, రాత్రి షిఫ్టువారు గని దిగిన పిదప చిక్కెడు తీరికలో, దీనికి యథామతి వ్యాఖ్య సంతరించుచున్నాను.

టీక. మనాలి = హిమాచల ప్రదేశమున బియాస్ నది యొడ్డునగల పట్టణము; కెల్లి = నుండి. ఇది పంచమీ విభక్తి ప్రత్యయము. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున ఇది కానరాదేమని శంకింపరాదు. అప్పటికి ఈ యూర గనియే లేదు. లేహ్ = లదాఖునకు ముఖ్యపట్టణము. దాక = ఇచ్చటనే కవి ప్రౌఢిమ యెల్ల దాగియున్నది. ఈ రెండక్షరముల కడుపున సుమారు 470 కిలోమీటర్ల బాటయు, 3,978 మీటర్ల రోహ్‌తాంగు, 4,890 మీటర్ల బారాలాచా, 5,065 మీటర్ల లాచులుంగు, 5,328 మీటర్ల తంగ్లాంగు మున్నగు కనుమలును, గాటా యను చోట ఒకదానిపై నొకటిగా పేర్చిన 21 మలుపులును ఇమిడియున్నవి. సముద్రమట్టమునకు 200 మీటర్ల ఎత్తైనను లేని యూర కూర్చుండి, ఇంతటి ప్రపంచమును "దాక" యని చుట్టచుట్టి చంకబెట్టినవానిని సంక్షేపకవి యనక యేమందుము?

మార్గమధ్యమున తాండి యను గ్రామముకడ పెట్రోలు బంకు ఒకటి కలదు. దాటినచో 365 కిలోమీటర్లవరకు మరియొకటి లేదని అచ్చట పలక నిలిపినారు. మోటారువాహనములకు బెదిరింపుగా వ్రాసినదైనను, సైకిలు పక్షమున చదివినచో ఇది వ్యాజస్తుతి.

రోహ్‌తాంగు కనుమ క్రిందుగా 2020 అక్టోబరు 3న 9 కిలోమీటర్లకు మించిన సొరంగము తెరవబడినది కదా, కనుమనెక్కు యాతన యెందులకని నేను గ్రంథకర్తను అడిగితిని. అతడు నన్ను జాలిగా చూచి, "ఏడాదంత సొరంగంలనే ఉంటి, లీవు వెట్టి మల్ల సొరంగంల దూరుమంటవా?" అనెను. ఇందుకు ప్రత్యుత్తరము ఏ శాస్త్రమునను లేదు.

పూర్వపక్షము. మా గనిలో సర్దారుగా నుండు మరియొక మిత్రుడు, వాయువు విషయమున మిక్కిలి పట్టుదల గలవాడు, ఇట్లు వాదించెను: గనిగాలిలో ప్రాణవాయువు నూటికి 19 వంతులకు తగ్గరాదని నిబంధన, తంగ్లాంగు శిఖరమునను నూటికి 21 వంతులే యుండునని పుస్తకములు చెప్పుచున్నవి, కావున మన గనికంటె ఆ కనుమయే ఊపిరికి సుఖకరము. వినుటకు అందమైన వాదమే. అయినను వంతులు వేరు, రాశి వేరు. అంత యెత్తున గాలి యొత్తిడియే మనయూరి యొత్తిడిలో సుమారు సగమునకు పడిపోవును గనుక, గుండెనిండ పీల్చిన గాలిలో ప్రాణవాయువు పాళ్లు మారకున్నను పరిమాణము సగమే దక్కును. జీతపు చీటీలో కోతల శాతము మారకయే జీతము సగమైనట్లు. ఈ దృష్టాంతముతో సర్దారు తక్షణమే సమాధానపడెను. కావుననే పర్వతవైద్యులు, 3,000 మీటర్లు దాటిన పిదప, ఒక రాత్రి పడకకును మరునాటి పడకకును నడుమ 500 మీటర్లకు మించి ఎక్కరాదనియు, మూడు నాలుగు దినముల కొకనాడు విశ్రమింపవలెననియు చెప్పుదురు. తలనొప్పియు వాంతియు తోచినచో పైకి పోరాదు. ముదిరినచో క్రిందికి దిగుటయే మందు. దిగుట మావారికి కులవిద్య.

ఎక్కుట మాత్రము కొత్తయా? కాదు. గనిలోనికి దిగు ఇంక్లైను ఏటవాలు హిమాలయపు రోడ్డు కంటె నిటారైనదే. అయితే గనిలో ముందు దిగి, ఒడలు అలసిన పిదప ఎక్కవలెను. కనుమలో ముందెక్కి పిదప దిగవలెను. ఇన్నేండ్లుగా బ్రతుకు తనకు తలక్రిందుగా వడ్డించిన క్రమమును ఒక్కమారు సరిచేసికొని తినవలెనని గ్రంథకర్త హృదయమని నేను తలచెదను. అతనిని అడుగలేదు.

లీవు పదిహేను దినాలు. ఇది లేఖకదోషము. రామగుండమున రైలెక్కి ఢిల్లీ చేరి, అచ్చటనుండి బస్సున మనాలి చేరుటకును, లేహ్ నుండి అదే విధమున మరలి వచ్చుటకును ఆరు దినములు పోగా, మిగిలిన తొమ్మిదింటిలో పై వైద్యసూత్రము పాటించి 470 కిలోమీటర్లు సాగుట దుర్ఘటము. "ఇరవై దినాలు" అను పాఠము సాధువు. కాని దాని మూల్యమును గణింపుడు: నిబంధనల ప్రకారము, ఏడాదిలో తగినన్ని హాజరులు నిండిన భూగర్భ కార్మికునకు పదిహేను దినముల పనికి ఒక్క దినము సెలవు లభించును. పదిహేను దినముల పాఠమునకు 225 మార్లును, నా సవరణకు 300 మార్లును గని దిగవలెను. పండితుని కలమున ఒక్క మాట మారుటచే నొక కార్మికుడు డెబ్బదియైదు షిఫ్టులు అధికముగా చేయవలసివచ్చుట వ్యాఖ్యాన చరిత్రలో అరుదు.

సామాను తక్వ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి పోయినప్పుడు, పల్లకీలు, బోయీలు, వంటవారు కలిసి సుమారు నూరుమంది వెంట నడచిరి. మనవాడు ఆ నూరుమందిని రెండు సంచులకు కుదించినాడు: ట్యూబులు, పంచరు సామాను, గాలిపంపు, బ్రేకు రబ్బర్లు, చలికోటు, నీళ్ల సీసాలు. బియ్యము వలదని నేను చెప్పితిని. 300 మీటర్లు ఎక్కినకొలది నీరు సుమారు ఒక డిగ్రీ తక్కువ వేడికే మరగును గనుక, ఆ యెత్తులలో మూతబిగింపు కుక్కరు లేక అన్నము పలుకుగానే మిగులును. అటుకులు, సత్తుపిండి, మామిడికాయ తొక్కు: ఈ మూడింటియందు అతనికిని నాకును అభిప్రాయభేదము లేదు.

ఇంట్ల జెప్పుడు తర్వాత. వాచ్యార్థము సులభము. "తర్వాత" అనగా దేని తర్వాతనో కవి చెప్పలేదు. సెలవు మంజూరైన తర్వాతనా? టికెట్టు కొనిన తర్వాతనా? లేహ్ చేరిన తర్వాతనా? పై కనుమలన్నిటికంటె ఇది దుర్గమమైనదనుట ధ్వని. ఉత్తమ కావ్యము.

ప్రక్షిప్తవిచారము. చీటీ అడుగున వేరు చేతివ్రాతతో, పిల్లల నీలి స్కెచ్చు పెన్నుతో, ఐదవ వాక్యమొకటి కలదు: "ఒక్కడే పోవుడు లేదు." చీటీ గ్రంథకర్త యింటి గూటిలో మూడు దినములు పడియుండెనని తెలియవచ్చుటచే ఆ హస్తమెవరిదో ఊహింపవచ్చును. గ్రంథకర్త దీనిని చదివి యాత్రయే నిషేధింపబడినదని దిగులుపడి, రెండు దినములు టీ దుకాణమునకైనను రాలేదు. అది పొరపాటు. విశేషణముతో కూడిన దానిని నిషేధించినప్పుడు, ఆ నిషేధము విశేషణమునకే చెందునని మీమాంసకుల న్యాయము. ఇచ్చట నిషిద్ధమైనది పోవుట కాదు, ఒక్కడే పోవుట. కావున ఇది ప్రక్షిప్తము కాదు. గ్రంథమంతటిలో అధికారము గల వాక్యము ఇదియే.

ఈ సిద్ధాంతమును విని అతడు పరమానందభరితుడై, రెండవ సైకిలు ఎవరిదని అడుగకయే నా వంక చూచుచున్నాడు. వ్యాఖ్యాత ఏబది నాలుగేండ్లవాడనియు, ఎడమ మోకాలు వంగదనియు, లాంప్ రూము భూమి పైభాగమున నుండుటచే అతని సెలవు లెక్క వేరనియు ఇందుమూలముగ చదువరులకు మనవి.