“మొత్తం నేను చూసుకుంటాను”: సటీకాతాత్పర్యము

అవతారిక

శారదానదీ పరిసరమున, బెల్లపు దిమ్మెల వాసన గాలిలో నానుచుండు అనకాపల్లి పట్టణమునందు, నూకాలమ్మవారి కోవెలకు కూతవేటు దూరమున, గవరపాలెములో మా తండ్రిగారు విడిచిపోయిన 240 గజముల ఖాళీస్థలమొకటి కలదు. అది దస్తావేజుల ప్రకారము డాలసు నగరవాసియైన నా తమ్మునిది. అనుభవము ప్రకారము సర్కారు తుమ్మలది. దానిని విక్రయింపవలెనని తమ్ముడు సంకల్పించి, హ్యూస్టనులోని భారత కాన్సులేటు ముద్రతో నా పేర పవరు పత్రమొకటి వ్రాసి పంపగా, ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొనిన నేను, మూడు నెలల గడువు దాటకమునుపే ఆ పత్రమునకు ఇచ్చటి స్టాంపు వేయించి, కొనువారిని వెదకుటకై ఒక మధ్యవర్తిని ఆశ్రయించితిని. ఆయన పేరు చెప్పను. శాస్త్రకారులు తమకు కిట్టని మతమువారిని ‘కేచిత్’, అనగా ‘కొందరు’, అని మాత్రమే పేర్కొని ఊరకుందురు. ఆ మర్యాదను నేనును పాటించెదను.

ఆయన నా ఫోనునకు పంపిన వాక్యచతుష్టయమే ఇచ్చట మూలము. చూపునకు ఇది మిక్కిలి సులభగ్రంథము. ఎనిమిది మాసములు దీనితో కాపురము చేసినగాని ఇందలి ప్రౌఢిమ నాకు బోధపడలేదు.

మూలము

“మాస్టారూ, మీరేటీ కంగారు పడకండి. రెండు పర్సెంటే. అటూ ఇటూ అందరూ మనోళ్ళే. మొత్తం నేను చూసుకుంటాను.”

టీక

మాస్టారూ: సంబోధనము. ఇందు గౌరవమెంతయో, తెలుగు మాస్టారికి లెక్కలు రావను నిశ్చయమెంతయో విడదీయుట దుష్కరము. కంగారు: ప్రసిద్ధము. రెండు: సంఖ్యావాచకము, సుగమము గావున వ్యాఖ్యానింపలేదు.

పర్సెంటే: ఇందలి ఏకారమే వాక్యమునకు జీవము. తార్కికులు ఈ ‘ఏవ’కారమునకు మూడు పనులు చెప్పుదురు. శంఖము తెల్లనిదే అన్నపుడు అది శంఖమునకు తెలుపు లేకపోవుటను తోసివేయును. విలుకాడు పార్థుడే అన్నపుడు పార్థుడు గాని తక్కినవారిని తోసివేయును. కలువ నల్లనిది అగుటయే కలదు అన్నపుడు ఎన్నడును కాకపోవుటను మాత్రము తోసివేయును. ‘రెండు పర్సెంటే’ అను ప్రయోగమును నేను రెండవ జాతిగా గ్రహించి, రెండు తప్ప వేరొకటి లేదని సంతసించితిని. గ్రంథకర్త వివక్ష మూడవ జాతి: రెండు ఉండుట మాత్రము తప్పదు. దానిపైన ఏముండునో ఆయన చెప్పలేదు; నేను అడుగలేదు.

ఈ రెంటికి ప్రమాణమేది యందురా? 2016వ సంవత్సరపు రెరా చట్టము ఏజెంట్లు రిజిస్టరు కావలెనని శాసించిన మాట సత్యమే కాని, ఆ శాసనము నమోదైన ప్రాజెక్టుల అమ్మకములను గూర్చినది. మా తుమ్మల దిబ్బ ప్రాజెక్టు కానేరదు. నూటికింత యని రేటును ఆ చట్టము ఎచ్చటను కట్టలేదు. కావున ఈ ‘రెండు’ శ్రుతియు గాదు, స్మృతియు గాదు, వట్టి ఆచారము. ఆచారము ఊరినిబట్టి మారును. ఊరిలో మనిషినిబట్టి మారును. ఆ మనిషి తమ్ముడు ఏ దేశమున నున్నాడో దానినిబట్టి మరియొకమారు మారును.

అటూ ఇటూ: అమ్మువారి వలనను, కొనువారి వలనను అని యర్థము. కౌటిల్యుడు గూఢపురుషులను తెగలుగా విభజించుచు ‘ఉభయవేతనులు’ అను నొక తెగను చెప్పినాడు. పగరాజు కొలువున జీతము దినుచు తన రాజు పని నెరవేర్చువారు వారు. అట్టివారిని నియోగించునపుడు వారి ఆలుబిడ్డలను రాజు తనచెంత నుంచుకొనవలెనని గూడ ఆ మహానుభావుడు విధించెను. నేనైతే మా మధ్యవర్తిని ఆధారు కార్డు నకలైనను అడుగుటకు మొగమోటపడితిని.

అర్థశాస్త్రము తెరచిన పిదప ఒక పుట చదివి మూయుట నా వల్ల గాని పని. ఆధారము లేనిది వ్రాయను, అవసరము లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగమును మాత్రమే నేను పాటింపగలను. ఆ శాస్త్రమునందు ధర్మస్థీయమను అధికరణములో ఇల్లు, పొలము విక్రయించు విధమొకటి చెప్పబడినది. మొదట జ్ఞాతులకు, పిదప ఇరుగుపొరుగువారికి, ఆ పిదప అప్పిచ్చినవారికి, వారెవ్వరును వలదన్న బయటివారికి కొనుటకు హక్కు. ఇరుగుపొరుగున నలువది కుటుంబములవారు వినుచుండగా, ఆ ఇంటి యెదుటనే, ఈ వెలకు కొనువారెవ్వరని ముమ్మారు చాటవలెను. పోటీపడి వెల పెంచినచో ఆ పెరిగిన మొత్తము సుంకముతో గూడ రాజు బొక్కసమునకు చేరును. పాఠకులు గమనింతురు గాక: పైమొత్తమును గూర్చిన చింత రెండువేల యేండ్ల క్రిందటనే యున్నది. అది ఎవ్వరికి చేరవలెనో పదిమంది యెదుట తేల్చిరి, అంతియే భేదము.

మా ఊరి బెల్లపు మార్కెట్టునందును దిమ్మెలు వరుసలుగా పేర్చి, రంగు చూచి, నలుగురి యెదుట వేలము పాడుదురు. కమీషను అచ్చటను కలదు, దానిపై రైతుల మొరలును కలవు. కాని పలికిన ధర రైతు చెవిని బడును. పశువుల సంతలో తువాలు చాటున వ్రేళ్ళు పట్టి బేరమాడు పద్ధతి వేరు. ఆ తువాలు నేడు చేతిఫోనుగా అవతరించినది.

ఉభయులకును పనిచేసి ఒక్కరివద్దను కమీషను గొనని మధ్యవర్తి మన కావ్యములలో ఉన్నాడా యని ఎనిమిది మాసములు వెదకితిని. ఒక్కడు దొరకెను. అతడు పక్షి, ఉభయపక్షములు కలుగుట అతనికి పుట్టుకతో వచ్చిన హక్కు. శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగింపగా మన ఇండ్లకు వచ్చిన బంగారు హంసను గూర్చియే చెప్పుచున్నాను. నలుడు తన్ను పట్టుకొనగా ముసలితల్లిని, ఆలిని, పసికూనలను తలచుకొని విలపించి, విడిచిపెట్టినందులకు కృతజ్ఞతగా కుండినపురమునకు ఎగిరిపోయి, దమయంతిని చెలికత్తెలనుండి తప్పించి, ఒంటరిగా నలుని గుణములను విన్నవించిన ఆ రాయబారమునందు ఒక సొగసు కలదు. నలునికి దమయంతిని, దమయంతికి నలుని ఎట్లున్నది అట్లు చెప్పినది గాని, ఆమెతో ‘మార్కెట్టు డల్లుగా నున్నదమ్మా’ అనియు, ఇతనితో ‘మరి ముగ్గురు చూచి వెళ్ళినారు బాబూ’ అనియు పలుకలేదు. నలుని జూదపు పిచ్చిని దాచెను గదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. అది కలి ప్రవేశించిన తరువాతి తాకట్టు. హంస తీసిన నాటి ఈసీలో లేదు.

స్వయంవరఘట్టము ఇంకను రసవంతము. నలువురు దేవతలు నలుని రూపమే దాల్చి వరుసలో కూర్చుండగా, ఒకే స్థలమునకు ఐదుగురు దస్తావేజులు పట్టుకొని వచ్చినట్లాయెను. దమయంతి ఏ లాయరును పిలువలేదు. రెప్పపాటు లేదు, చెమట లేదు, పాదము నేలకు తగులదు. ఈ మూడు గుర్తులచేత దేవతలను ఏరివేసి, నేలమీద నిలిచిన మనుష్యుని మెడలో దండ వేసినది.

ఈ శ్లేష నాకు దమయంతీ స్వయంవరమున గాక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు బల్లమీద స్ఫురించెను. నా తమ్ముని పాదము పదునొకండేండ్లుగా ఈ నేలకు తగులలేదు. చట్టము దృష్టిలో వాడును దేవతలలో చేరిపోయినాడు.

ఏలయన, అమ్మువాడు స్వదేశవాసి యైనచో వెల 50 లక్షలకు చేరినగాని కొనువాడు పన్ను కోయనక్కరలేదు; కోసినను నూటికి ఒకటి. అమ్ముకొనువాడు విదేశవాసి యైనచో ఆ హద్దే లేదు. 2024 జులై 23 మొదలు దీర్ఘకాలిక లాభముపై నూటికి 12.5 వంతున, పైగా సెస్సుతో, కొనువాడే పట్టి కట్టవలెను. తక్కువ కోతకు ముందుగా ఆదాయపు పన్ను అధికారివద్ద పత్రము తెచ్చుకొననిచో, లాభమెంతయో కొనువానికి తెలియదు గావున, భయపడి వెల మొత్తముపైననే కోయును. అమ్మగా వచ్చిన సొమ్ము ఎన్నారో ఖాతాలో పడవలెను. అచ్చటినుండి సముద్రము దాటుటకు ఆడిటరు సంతకము, ఫారములు వేరు. ఇన్నిటిని నేను తెలిసికొని, తిరిగి, వరుసలో నిలిచి, ఆడిటరుకు వేరుగా ఫీజు చెల్లించి నెరవేర్చితిని. మూలములోని ‘మొత్తం’ అను పదమునందు ఇవి ఏవియు చేరవు. ఈసీ చేరదు. లింకు దస్తావేజుల నకళ్ళు చేరవు. తుమ్మలు కొట్టించిన కూలి చేరదు. ‘మొత్తం’ అనగా కొనువానిని మోటారు సైకిలుపై ఒకమారు తీసికొనివచ్చి, గేటు లేని స్థలమునకు గేటు ఎక్కడ పెట్టవచ్చునో చేతితో చూపుట. దేవతలనుండి ఎక్కువ నైవేద్యము ఆశించుట లోకసహజము. కాని ఆ నైవేద్యము దూరమునకు గాని శ్రమకు గాదని స్పష్టముగా చెప్పినచో వ్యాఖ్యాతకు ఇంత పని పడకపోవును.

మనోళ్ళే: ఎవరి మనవాళ్ళో అధ్యాహారము చేసికొనవలెను.

పాఠాంతరములు

ఒకే గ్రంథమునకు తాళపత్రప్రతులు పెక్కు దొరకినపుడు వానిని సరిపోల్చక అర్థము చెప్పుట సాహసము. బ్రౌనుదొర వేమనను అచ్చు వేయించునపుడు పండితులను కూర్చుండబెట్టి చేయించిన పని అదియే. నేను ఆ జాగ్రత్త వహింపక, నా చేతనున్న ప్రతియే మూలమని భ్రమించితిని. ప్రతులు మూడు కలవు.

మొదటిది అనకాపల్లి ప్రతి, పైన ఉదాహరించితిని. రెండవది డాలసు ప్రతి. అందు పాఠము: “అన్నగారితో మాట్లాడేశాను సార్. మూడు పర్సెంట్. అందులో ఒకటి ఇక్కడ ఖర్చులుంటాయి.” మూడవది కొన్నవారి ప్రతి. అది లిఖితము గాదు, మౌఖికము. రిజిస్ట్రేషను నాడు గాని వెలువడలేదు.

ఆనాడు వ్రేలిముద్ర యంత్రము, సుద్దముక్క అరగదీసిన నా బొటనవ్రేలిని మూడుమార్లు నిరాకరించి, నాలుగవమారు తుడుచుకొని రమ్మనెను. ప్రక్కన కొనుగోలుదారుడు, పరవాడ ఫార్మాసిటీలో పనిచేయు యువకుడు, మర్యాదస్థుడు, నా చెవియొద్దకు వంగి, “మాస్టారూ, ఆ రెండు నలభై మీకు అందిందాండీ?” అని అడిగెను. నేను గోడగడియారము చూచితిని. పదకొండున్నర. “ఇంకా కాలేదు బాబూ” అంటిని. అతని ముఖము పాలిపోయినది. “అదేటండీ, మొన్ననే ఇచ్చేశాను కదా, మీకు చేతికిమ్మన్నారని.”

గజము 18,000 అని నాకు చెప్పబడినది; దస్తావేజున పడిన వెల, బ్యాంకున జమయైన వెల అదియే. కొనువానికి చెప్పబడినది 19,000. ఆ పై వేయి, ‘అమెరికా ఓనరుగారి అన్నగారు’ చాటుగా నగదు కోరుచున్నారని. 240 గజములకు రెండు లక్షల నలువది వేలు. నేను సుగమమని విడిచిన ‘రెండు’ ఇదియే.

వ్యాఖ్యాత మూలమునకు బయట నిలిచినవాడని అంతవరకు నమ్మితిని. మూలములోనే నేనొక పాత్రనై, లంచము పట్టు ముసలివాడనై తిరుగుచుంటినని ఆనాడు తెలిసినది. ఇచ్చట అలంకారము నిర్ణయించుట నాకు శక్యము గాదు.

అంతకంటె డాలసు ప్రతి ఎక్కువ బాధించినది. తమ్ముడు ప్రతి ఆదివారము ఫోను చేసి, మోకాళ్ళ నొప్పులు, మనుమల చదువు, నూకాలమ్మ జాతర, అన్నియు అడిగినాడు గాని ఆ ఒక్క పర్సెంటును గూర్చి ఎన్నడును అడుగలేదు. మూడు వంతున, అనగా 1,29,600 రూపాయలు, నోరెత్తక పంపివేసినాడు. మూడు ప్రతులును వానికి వినిపింపగా చాలసేపు మాటలేదు. పిదప, “ఖర్చులంటే నీకే అనుకున్నాను అన్నయ్యా. నువ్వెలాగూ నోరు తెరిచి అడగవని” అనెను. వాని ఔదార్యమునకు సంతసించుటయా, ఎనిమిది మాసములు వాడు నన్ను అట్లు తలచినందులకు కుందుటయా? నలువది యేండ్లు ఒక కంచములో తిన్న అన్నదమ్ముల నడుమ ఇంత చోటు ఉన్నదని, ఆ చోటును గజముల లెక్కన అమ్మవచ్చునని ఎరిగినవాడు మాకంటె తెలివైనవాడే.

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము పట్టుకొని ఆయన ఇంటికి పోయితిని. యజమాని ఎరుగకుండ ఏజెంటు తన లాభమునకు వ్యవహారము నడిపినచో ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 216వ సెక్షనునందును, దుష్ప్రవర్తన గల ఏజెంటుకు ఆ పనికి ప్రతిఫలము చెల్లదని 220వ సెక్షనునందును ఉన్నది. తెలుగు చేసి చదివితిని. ఆయన ఓపికగా విని, టీ తెప్పించి, “మీకు రావలసింది మీకొచ్చింది కదా మాస్టారూ” అనెను. మాకు కాగితమేది? ఆయన ఏజెంటని ఎచ్చట వ్రాసికొంటిమి? కొనువాని నెంబరు నేనడుగలేదు. నా నెంబరు అతడడుగలేదు. ఇరువురమును టోకెను అడ్వాన్సు నాడే ఒక గుమ్మములో కూర్చుండి ధరను బిగ్గరగా పలికియున్నచో రెండు నిమిషములలో పాఠము పరిష్కృతమై యుండును. కౌటిల్యుడు నలువది కుటుంబములను పిలిపించినది ఊరక గాదు.

చూసుకుంటాను: చూచు ధాతువుపై ‘కొను’ అనుప్రయుక్తము. వండుట ఒరులకు, వండుకొనుట తనకు. వ్రాయుట ఒరులకు, వ్రాసికొనుట తనకు. కొను ధాతువు చేరిన క్రియాఫలము కర్తకే చెందునని ముప్పది యేండ్లు తొమ్మిదవ తరగతి పిల్లలకు నల్లబల్లపై వ్రాసి చూపితిని. ‘మొత్తం నేను చూస్తాను’ అని ఆయన వ్రాసియుండలేదు. వ్యాకరణము తప్పలేదు, అబద్ధమాడలేదు. చదువవలసినవాడు చదువలేదు.

తాత్పర్యము

సుగమము.