అరకిలో మసక

కిట్ లెన్సుతో తీసిన ఫొటో ఫొటో కాదు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మన తెలుగువాళ్ళ మధ్య నాలుగు రోజులు మసిలితే చాలు, ఈ ధర్మసూక్ష్మం ఎవరికైనా తలకెక్కుతుంది. సెంట్రల్ పార్కులో పిల్లల పుట్టినరోజు పిక్నిక్ అనుకోండి. బల్ల మీద అల్యూమినియం ట్రేల్లో పులిహోర, గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు. కొత్తగా తండ్రైన కుర్రాడొకడు సంబరంగా తన కొత్త కెమెరా బయటికి తీస్తాడు. చివరి కుర్చీలో కూర్చున్న గురువుగారు బిడ్డను చూడరు, కెమెరానూ చూడరు. దాని మూతికున్న, పెట్టెలో కెమెరాతో పాటే వచ్చిన లెన్సును చూస్తారు.

"కిట్ లెన్సా?" అని అడుగుతారు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అన్నంత మెల్లగా. కుర్రాడు తల వంచుకుంటాడు. "బాడీదేముంది బ్రో, ఎవడైనా కొంటాడు. గ్లాస్ మీద పెట్టాలి డబ్బు" అని ఉపదేశం పూర్తవుతుంది. పులిహోర చల్లారుతుంది.

అసలా కుర్రాడు చిన్న కెమెరా ఎందుకు కొన్నాడో ఎవరూ అడగరు. అడిగితే చెబుతాడు: ఒక భుజాన డైపర్ల సంచీ, ఇంకో భుజాన బిడ్డ, మిగిలింది జాకెట్ జేబొక్కటే. సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే 2008లో ఒలింపస్, పానాసోనిక్ కంపెనీలు కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని తెచ్చాయి. కెమెరా కడుపులోని అద్దం తీసేశారు. సెన్సర్ 17.3 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. పాత ఫిల్ము రోజుల నాటి 36, 24 కొలతల చట్రంతో పోలిస్తే ఇది వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు. సెన్సర్ చిన్నదైతే దాన్ని వెలుగుతో నింపాల్సిన లెన్సు కూడా చిన్నదవుతుంది. కాస్త నాణ్యత వదులుకుని బోలెడంత బరువు దించుకోవడం, బేరమంతా అదే. ఆ తర్వాత సోనీ, ఫూజీ తమ తమ కొలతల్లో ఇదే బాట పట్టాయి.

బేరం అర్థమైన కుర్రాడికి గురువుగారు ఏం కొనిపిస్తారో చూడండి. ఒలింపస్ పేరుతోనే 25 ఎం.ఎం. లెన్సులు రెండు వచ్చాయి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెలుగు తెస్తుంది. ఎఫ్ 1.8 రకం 137 గ్రాములు, మొదట వచ్చినప్పుడు ధర 400 డాలర్లు. ఎఫ్ 1.2 రకం 410 గ్రాములు, 1,200 డాలర్లు. దానికి తొమ్మిది శాతం దాటిన అమ్మకపు పన్ను అదనం. బరువు మూడింతలు, ధర మూడింతలు. వెలుగు? రెండింతల పైచిలుకు, అంతే. కెమెరా భాషలో ఒక స్టాపు కంటే కాస్త ఎక్కువ. ఐఎస్ఓ చక్రం మూడు గళ్ళు తిప్పితే దాదాపు అంతే వస్తుంది, చక్రం తిప్పడానికి పన్ను లేదు.

ఈ లెక్క చేయలేనివాళ్ళా మనవాళ్ళు? ఇంటెల్, ఎన్విడియా రెండింటికీ ఈ ఊరే రాజధాని. గురువుగారి ఉద్యోగమే పవర్, పెర్ఫార్మెన్స్, ఏరియా అనే మూడింటినీ తూకం వేయడం. జూనియర్ ఇంజనీరెవరైనా మూడింతల ఏరియా తిని రెండింతల పని చేసే సర్క్యూటు తెస్తే డిజైన్ రివ్యూలో నిలబెట్టి ఉతికి ఆరేస్తారు. అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, స్ప్రెడ్‌షీటు తెరిచి, పదమూడు కాలమ్‌ల పోలిక పట్టిక గీసి, చివరికి ఎఫ్ 1.2 దగ్గర ఆకుపచ్చ రంగు నింపుతారు. ఆ పట్టికలో 'నేను ఏం ఫొటోలు తీస్తాను' అన్న కాలమ్ ఒక్కటే ఉండదు.

మూలల షార్ప్‌నెస్ అని ఒక కాలమ్ మాత్రం తప్పక ఉంటుంది. లెన్సు మధ్యలో ఎంత పదునుగా ఉందో మూలల్లోనూ అంతే ఉండాలని వీరి పంతం. అది తేల్చడానికి ఇటుక గోడను ఫొటో తీయాలి. భూకంపాల భయంతో ఇళ్ళన్నీ చెక్కతో కట్టే ఈ ప్రాంతంలో ఇటుక గోడ దొరకడమే గగనం. అయినా సంపాదిస్తారు. ఏ షాపింగ్ సెంటర్ వెనకో, చెత్త డబ్బాల పక్కన ట్రైపాడ్ నిలబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఊపిరి బిగబట్టి తీస్తారు. ఇంటికొచ్చి కుడి కింద మూలను రెండు వందల శాతం పెంచి చూసి, సున్నం గీత మెత్తబడిందని నిట్టూరుస్తారు. నేను చూసినంతలో మన ఫంక్షన్ ఫొటోల్లో కుడి కింద మూలన ఉండేవి మూడే: ఎవరిదో మోచెయ్యి, పేపరు ప్లేట్ల కట్ట, సగం తాగిన నీళ్ళ సీసా. వాటి పదును కోసం నాలుగు వందల డాలర్లు ఎక్కువ పెట్టిన మహానుభావులున్నారు.

ఇక బొకే. వెనకున్నదంతా వెన్నలా కరిగిపోవాలి, ముందున్న ముఖం ఒక్కటే వెలగాలి. తప్పు పట్టను, అందమైన విషయమే. కానీ ఎఫ్ 1.2 దగ్గర ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు జానెడు కూడా ఉండదు. కూతురు సీమంతం ఫొటో వాట్సాప్‌లో చూసి తెనాలి నుంచి తల్లి అడుగుతుంది: "ఆ వెనక మసగ్గా ఉన్నది అల్లుడుగారేనా అమ్మా?" అల్లుడుగారే. పెళ్ళాం భుజానికి మూరెడు వెనక నిలబడ్డ పాపానికి కరిగిపోయాడు.

మన ఫొటోకు ప్రాణం వెనకే ఉందని ఈ భక్తులకు ఎవరు చెప్పాలి? బొమ్మల కొలువు ముందు పిల్లను నిలబెట్టి తీస్తాం. మెట్ల మీద ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి దశావతారాలు, నిరుడు ఊరెళ్ళినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన అంబారీ ఏనుగు. ఫొటోలో పిల్ల ఎడమ కన్ను పదునుగా ఉంటుంది, కుడి కన్ను కాస్త మెత్తగా. దశావతారాలు పది రంగుల చుక్కలైపోతాయి. గురువుగారు "ఏం క్రీమీగా వచ్చింది!" అని పరవశిస్తారు. ఇంటి ఇల్లాలు తొమ్మిది రోజులు సర్దిన కొలువు అది, గురువుగారికి క్రీము. బతుకమ్మ నాడూ అంతే. గునుగు, తంగేడు దొరకని దేశంలో చామంతులు, బంతిపూలు కొని తెచ్చి వరసలు పేరిస్తే, ఆ పేర్పు కాస్తా మసకలో కలుస్తుంది. ఎవరెవరొచ్చారు, ఎవరు ఏ చీర కట్టారు, పెద్దత్తయ్య ఎవరి పక్కన కూర్చోలేదు అన్నవి తెలియని ఫొటో మన ఇళ్ళల్లో దేనికి పనికొస్తుంది?

మసక సరిపోని వర్గం ఇంకొకటుంది. వీరు ఈక్వివలెన్స్ మతస్థులు. "నీ ఎఫ్ 1.8 నిజానికి ఎఫ్ 3.6 అన్నా, నిన్ను మోసం చేశారు" అంటారు. ఇందులో సగం నిజముంది కాబట్టే ప్రమాదం. చిన్న సెన్సర్ మీద 25 ఎం.ఎం. లెన్సు, పెద్ద సెన్సర్ మీద 50 ఎం.ఎం. చూపినంత మేరే చూపుతుంది. స్పష్టత లోతు విషయంలో ఎఫ్ 1.8 అక్కడి ఎఫ్ 3.6లా ప్రవర్తిస్తుంది. షట్టర్ వేగం లెక్కకొస్తే మాత్రం ఎఫ్ 1.8 ఎఫ్ 1.8గానే ఉంటుంది. పెద్ద సెన్సర్ మొత్తం మీద ఎక్కువ వెలుగు పోగేసుకుంటుంది, కాబట్టి దాని బొమ్మలో గరుకు తక్కువ. అంతే సంగతి. దీన్ని పట్టుకుని చిన్న కెమెరావాడు పెద్ద కెమెరాకు మారతాడు, దానికి తగ్గ గంపెడు లెన్సులు కొంటాడు, రెండేళ్ళకు మెడ పట్టేసి "తేలికైనదేదైనా చెప్పు బ్రో" అంటూ వెనక్కొస్తాడు. మధ్యలో వాట్సాప్ గుంపుల్లో 'పెద్దగా వాడలేదు, పెట్టెతో సహా' అన్న ప్రకటనలు. ఆ మాట అక్షరాలా నిజం, పెద్దగా వాడలేదు.

లెన్సు పిచ్చి ఈ లోయకు కొత్తేమీ కాదు. శాంటా క్లారాలో ఉలిస్టాక్ వనం పక్కన లిక్ మిల్ బొలివార్డ్ ఉంది. ఆ దారి అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే మనవాళ్ళు రోజూ ఆ బోర్డు కిందే కారు తిప్పుతారు. ఆ లిక్ ఎవరో కాదు, దక్షిణ అమెరికాలో పియానోలు చేసి, 1848లో కాలిఫోర్నియా చేరి, భూములు కొని కుబేరుడైన జేమ్స్ లిక్. ఇక్కడి పిండిమర అతనిదే. చివరి రోజుల్లో అతనికీ గురువుగారి జబ్బే పట్టుకుంది: ప్రపంచంలో ఎక్కడా లేనంత శక్తిమంతమైన టెలిస్కోపు కావాలి. ఏడు లక్షల డాలర్లు రాసిచ్చి 1876లో పోయాడు. హామిల్టన్ కొండ మీద 36 అంగుళాల లెన్సు 1888లో పనిలోకొచ్చింది. లిక్‌ను దాని పునాదిలోనే సమాధి చేశారు. కొన్న లెన్సుతో ఒక్కసారైనా చూడకుండా పోయినవాళ్ళలో ఇతనే అందరికంటే పెద్దవాడు. ఆ రికార్డయినా నిలిచిందా? 1897కల్లా యెర్కిస్ అబ్జర్వేటరీ వాళ్ళు 40 అంగుళాలది బిగించారు. అప్‌గ్రేడ్ బాధ చచ్చినవాడినీ వదల్లేదు.

ఇందులో గురువుగారు వినాల్సిన ముక్క వేరే ఉంది. లిక్ లెన్సు అడ్డుకొలత మూడడుగులు, ఫోకల్ లెంగ్త్ దాదాపు 57 అడుగులు. భాగించండి. ఎఫ్ 19! పార్కులో ఎవరైనా ఎఫ్ 19 లెన్సు తెస్తే గురువుగారు ప్లేటు కింద పెట్టి లేచిపోతారు. ఆ ఎఫ్ 19 లెన్సుకు కన్ను ఆనించే 1892 సెప్టెంబర్ 9న ఎడ్వర్డ్ బర్నార్డ్ గురుగ్రహం ఐదో చంద్రుణ్ణి పట్టుకున్నాడు. గెలీలియో నాలుగింటిని చూసిన 1610 తర్వాత ఐదోది ఎవరికీ దొరకలేదు. చూడాల్సినదేదో తెలిసినవాడి చేతిలో పరికరం పడింది, పని జరిగింది. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1878 జూన్‌లో, ఇదే కౌంటీలోని పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ గారి గుర్రాల మకాంలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి పరుగెత్తే గుర్రాన్ని బంధించాడు. ఆ బొమ్మలు దాదాపు నల్లటి నీడలే. మూలల షార్ప్‌నెస్ సంగతి దేవుడెరుగు, గుర్రానికి ముఖమే సరిగా లేదు. నాలుగు కాళ్ళూ గాల్లోకి లేస్తాయా లేదా అన్న వాదన మాత్రం తీరిపోయింది.

మన వాళ్ళదేమో ఆడలేక మద్దెల ఓడు కథ. వీరి దగ్గర ఓడు మద్దెల కూడా లేదు, ఇంట్లో అరడజను కొత్త మద్దెలలున్నాయి, డ్రై క్యాబినెట్‌లో తేమ మీటరు చూపిస్తూ.

అలాగని కిట్ లెన్సుకు గుడి కట్టమనను. దాని లోపం నిజమైనదే: జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 5.6కి కుంచించుకుపోతుంది. పగలు బేలాండ్స్‌లోనో మిషన్ శాంటా క్లారా తోటలోనో ఆ తేడా ఎవరికీ తెలియదు. కమ్యూనిటీ హాల్లో పాప కూచిపూడి ప్రదర్శన వేళ తెలుస్తుంది. స్టేజీ మీద ఊదారంగు దీపాలు, పాప పాదం గాల్లో. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8కి వస్తే వెలుగు దాదాపు పదింతలు, పదిహేనో వంతు సెకను కాస్తా నూట యాభయ్యో వంతవుతుంది. పాదం పాదంలా కనిపిస్తుంది. కెమెరాలోని స్టెబిలైజర్ మీ చేతి వణుకు ఆపుతుందే తప్ప పాప కాలి గజ్జెను ఆపలేదు. ఇలాంటి చోటికి ఒలింపస్ 45 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఉంది. 2011లో వచ్చింది, బరువు 116 గ్రాములు. ఇంటి లోపలికి పానాసోనిక్ 20 ఎం.ఎం. ఎఫ్ 1.7 ఉంది, వంద గ్రాములకు మించదు. పిల్లాడు సాకర్ ఆడితే 190 గ్రాముల 40-150 జూమ్. ఇంకో మాట, దీపాల కింద సైలెంట్ షట్టర్ ఆపేయండి. కొన్ని ఎల్ఈడీలకు అది ముఖమ్మీద చారలు గీస్తుంది, ఆ చారల్ని పోగొట్టే లెన్సు ఏ ధరకూ దొరకదు.

పదింతలకు డబ్బు పెట్టడం తెలివి. ఎఫ్ 1.8 చేతిలో ఉండగా ఎఫ్ 1.2 కోసం ఇంకో పన్నెండు వందలు పోయడం ముచ్చట. ముచ్చటే కాదనను, కంపెనీ షేర్లు చేతికొచ్చిన నెలలో మనిషికి ముచ్చట్లు పుడతాయి. గొలుసు కొనుక్కున్నట్టు కొనుక్కోండి, పదిమందికీ చూపించండి. పార్కులో ఆ కుర్రాడి జేబుకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకండి. ప్రపంచం మొత్తానికి 2010లో పన్నెండు కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపిన జపాన్ కంపెనీలు 2020కి తొంభై లక్షలైనా పంపలేకపోయాయి. ఫోన్ మింగేసిందంటారు. ఫోన్ ఎందుకు గెలిచిందో చూడండి: దానికి ఏ లెన్సు పెట్టాలని ఎవడూ సలహా ఇవ్వడు, జేబులో ఉంటుంది, అందరి ముఖాలూ కనిపిస్తాయి.

వచ్చే దసరాకు కొలువు ముందు అందరూ చేరినప్పుడు, గురువుగారూ, మీరే తీయండి. పగలే తీయండి, కర్టెన్లు తెరిచి. మూడు మీటర్లు వెనక్కి జరిగి, ఎఫ్ 5.6 పెట్టండి. అల్లుడుగారూ ఉంటారు, దశావతారాలూ ఉంటాయి. ఆ పని మీ ఎఫ్ 1.2 లెన్సు కూడా చేయగలదు, కిట్ లెన్సయితే పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉంది.