ఒంటి తూటా మామ

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో ఒక రకం పెద్దమనిషి ఉంటాడు. బిడ్డ పెండ్లికి అందరూ బంగారం పెడతారు, బండి పెడతారు, ఉన్నవాళ్లు ప్లాటు రాసిస్తారు. ఈయన మాత్రం అల్లుడికి బందూకు పెడతానంటాడు. అది కూడా ఒకటే గొట్టం, ఒకటే తూటా పట్టేది. పేల్చాక విరిచి ఖాళీ తూటా తీసి కొత్తది పెట్టేలోపు పంది పక్క మండలానికి పోతుంది. ఈయనను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తాత పోలీసు పటేలు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క కలంపోటుతో పటేల్ పట్వారీ కొలువులు ఎత్తేసినా, పిలుపులోంచి పటేలు పోలేదు. హాల్లో తాత ఫొటో, దాని పక్కన దుప్పి కొమ్ములు. అవి 1972 వన్యప్రాణి చట్టానికి ముందటివని ఎవరూ అడగకముందే చెప్తాడు. బందూకును ‘రైఫిలు’ అంటాడు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటేనే రైఫిలు అవుతుంది. ఈయనది లోపలంతా నున్నగా ఉండే పన్నెండు బోరు. ఆ తేడా ఆయనకు తెలియక కాదు. ‘అల్లునికి సింగిల్ బ్యారెల్ పెడుతున్న’ అంటే వినేవాడు చాయ్ తాగుతూనే ఉంటాడు, ‘రైఫిలు పెడుతున్న’ అంటే కప్పు కింద పెడతాడు. ఈ కానుకలో ప్రేమ పాలు తక్కువ, లెక్క పాలు ఎక్కువ అని నా వాదన. ఒంటి తూటా తుపాకి ఇచ్చేవాడి దగ్గర రెండు తూటాలది ఒకటి తప్పకుండా ఉంటుంది, దాన్ని ఆయన ఇవ్వడు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2019 డిసెంబరు దాకా మన దేశంలో ఒక లైసెన్సుదారు మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. మామ దగ్గర సరిగ్గా మూడుండేవి: డబుల్ బ్యారెల్, ఈశాపూర్ కర్మాగారంలో తయారైన పాయింట్ 315 రైఫిలు, తాతల నాటి సింగిల్ బ్యారెల్. ఆయుధాల చట్టానికి ఆ నెలలో వచ్చిన సవరణ మూడును రెండు చేసింది. మూడోదాన్ని ఏడాదిలోగా, అంటే 2020 డిసెంబరు 13 నాటికి, ఠాణాలోనో లైసెన్సున్న దుకాణంలోనో అప్పజెప్పాలని చెప్పింది. అంతకుముందు అల్లుడు దసరాకు వచ్చాడు, సంక్రాంతికి వచ్చాడు, మటన్ తిని పోయాడు. అన్నేళ్లలో ఒక్కసారీ గుర్తురాని వాత్సల్యం ఆ ఏడాది పొంగింది. కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి యాగం చేసి, పాలూ ఈనికా అయిపోయిన ముసలి ఆవులను దానమిచ్చాడు. కొడుకు అది చూసి అడగరాని ప్రశ్న అడిగాడు. మన అల్లుళ్లలో నచికేతులు తక్కువ.

గడువు ఎప్పుడో దాటింది కదా, ఇంకా ఈ మామ ఎక్కడున్నాడని అడగవచ్చు. ఉన్నాడు. గడువు పోయినా రెండే తుపాకులనే లెక్క పోలేదు. వారసత్వంగా వచ్చినవాటికీ అదే లెక్క. సింగిల్ బ్యారెల్‌ను ఎలాగో నిలుపుకున్నవాడికి రివాల్వర్ మీద మనసుపడిందనుకోండి, లైసెన్సు పుస్తకంలో చోటు కావాలి. చోటు కావాలంటే ఒకటి ఇంట్లోంచి కదలాలి. ఏది కదులుతుందో చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు. మామూలుగా కానుక ఎంచేవాడు తీసుకునే మనిషిని చూసి ఎంచుతాడు. ఈయన బీరువా చూసి ఎంచుతాడు. అయినా అడిగినవాళ్లకు ‘మస్తు ఆలోచించి తీసిన’ అంటాడు. అది అబద్ధమేమీ కాదు, ఆలోచన మాత్రం రివాల్వర్ గురించి.

ఈ కానుకకు ఇంకో విచిత్రం ఉంది. లోకంలో ఏ కానుకైనా తీసుకునేవాడు చేతులు చాపితే చాలు. దీనికి తీసుకునేవాడే ముందు దరఖాస్తు పెట్టాలి. ఇరవై ఒక్కేళ్లు నిండాలి, తుపాకి ఎందుకో కారణం రాయాలి, పోలీసులు వచ్చి వాకబు చేయాలి. ‘మా మామ ఇస్తానన్నడు’ అనేది కారణాల జాబితాలో లేదు. ఇచ్చేవాడు ఇచ్చే ఉద్దేశాన్ని రాతపూర్వకంగా అధికారులకు తెలిపి, 45 రోజులు ఆగాలి. అయ్యప్ప మాల 41 రోజులే. సిద్దిపేటలో అయితే ఇంకో తంటా ఉంది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయాలి. 2001, 2004, 2008, 2010 సంవత్సరాల్లో ఉపఎన్నికలు, మధ్యలో మామూలు ఎన్నికలు చూసిన నియోజకవర్గం ఇది. జిల్లాలోని దుబ్బాకకు సరిగ్గా ఆ మూడో తుపాకి గడువుకు నలభై రోజుల ముందు, 2020 నవంబరులో, ఉపఎన్నిక వచ్చింది. ఇక్కడి బందూకుకు ఠాణా మాల్ఖానా పుట్టినిల్లు, మామ ఇల్లు అత్తవారిల్లు. ఆ పుట్టింటికి మోసుకెళ్లి రసీదు తెచ్చుకునే పని ఇకమీద అల్లుడిది.

మామ ఒక్కడినే అనడం న్యాయం కాదు, ఆయన వెనుక పెద్ద సంప్రదాయమే ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు మన సిపాయిలకు లోపలి గాళ్లు లేని నున్నటి గొట్టాల తుపాకులిచ్చి, గురి బాగా కుదిరే రైఫిళ్లను తమ సైనికులకు ఉంచుకున్నారు. తర్వాత తెల్ల సైనికులకు మార్టినీ హెన్రీ వచ్చాక నేటివులకు స్నైడర్ దిగింది. తెల్లవాళ్లకు వరసగా తూటాలు అందించే మ్యాగజైన్ రైఫిలు వచ్చాకే మార్టినీ కిందికి దిగింది. ఎప్పుడూ ఒక తరం వెనక. పోలీసులకిచ్చిన 410 మస్కట్ కథ దీనికంటే గమ్మత్తు. పది తూటాలు పట్టే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలును ఈశాపూర్‌లో మార్చి, మ్యాగజైన్‌ను మూసేసి, ఒకసారికి ఒక్క తూటాయే పట్టేలా చేశారు. జవాను చేతిలో తుపాకి ఉండాలి గానీ అది పది తూటాలది కాకూడదు. అల్లుడి చేతిలో తుపాకి ఉండాలి గానీ అది మామ తుపాకి కాకూడదు. వేటగాడు జిమ్ కార్బెట్ చిన్నతనంలో ఒక బంధువు ఆయనకు రెండు గొట్టాల తుపాకి ఇచ్చాడు. చూస్తే కుడి గొట్టం చీలిపోయి ఉంది. రెండు గొట్టాలది ఇచ్చిన పేరు బంధువుకు, ఒక గొట్టంతో వేట కార్బెట్‌కు. మంచి కానుకలు లేవని కాదు. అదే కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపాక యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూయెట్ రిగ్బీ కంపెనీ రైఫిలు బహూకరించాడు. అది మ్యాగజైన్ రైఫిలు, పైన వెండి రేకు మీద పేరు చెక్కి మరీ ఇచ్చాడు. ఇచ్చినాయన తన బీరువా ఖాళీ చేసుకోలేదు.

మామ తరఫున గట్టి వాదనలే ఉన్నాయి. మొదటిది, ఒంటి తూటా ఓపిక నేర్పుతుందని. ఒక్కటే అవకాశం ఉన్నవాడు గురి చూసే తీరు వేరు, నిజమే. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిలు కూడా ఒంటి తూటాదే. ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టుకుంటూ 75 నిమిషాల్లో 60 సార్లు పేల్చాలి, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చింది దానితోనే. ఓపికే ఇవ్వాలనుకుంటే మనవణ్ని గచ్చిబౌలి షూటింగ్ రేంజిలో చేర్పించి ఆదివారాలు తోలుకుపోవచ్చు. కానీ ఆ పనికి మామకు ఓపిక ఉండాలి, ఇవ్వదలచింది మాత్రం అల్లుడికి. రెండో వాదన అడవి పందులది. మక్కచేనులో పడి రైతు కడుపు కొడుతున్న మాట కాదనలేం. అయితే పంటకాపలాకు చట్టం ముందుగా తలచుకున్నది గొట్టం ముందునుంచి మందు కూరే నాటు రకాన్ని, మామ పలికే ‘రైఫిలు’ను కాదు. పైగా అనుమతి లేకుండా పందిని కొడితే నేరం. అన్నిటికీ మించి, అల్లుడు కొండాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాడు. అక్కడికి పంది రావాలంటే లిఫ్టు ఎక్కాలి.

మూడో వాదన దగ్గర నవ్వు కాస్త ఆపాలి. ‘మన గడ్డమీద ఒంటి తూటా అంటే చరిత్ర, బైరాన్‌పల్లి బురుజును అడుగు’ అంటాడు మామ. ఆ ఊరు ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది, బురుజూ నిలిచే ఉంది. 1948లో రజాకార్లు మీదపడితే ఊరివాళ్లు ఆ బురుజు ఎక్కి వడిసెలలతో, నాటు తుపాకులతో ఎదిరించారు. ఆగస్టు 27న బలగం పెంచుకుని వచ్చిన రజాకార్లు ఊరిని నెత్తుటిమడుగు చేశారు. ఆ నాటు తుపాకులను ఎవరూ ఎవరికీ కానుకగా పెట్టలేదు, అంతకంటే మంచివి దొరకక అవి పట్టుకున్నారు. మంచి తుపాకులు అవతలివైపున్నాయి. ఆ ఏడాది తన తాత ఏ వైపు ఉన్నాడో మాత్రం మామ చెప్పడు. ఫొటోలో తాత కూడా చెప్పేలా లేడు.

ఇంతకీ అల్లుడేమంటాడు? ‘మీ దయ మామా’ అంటాడు, అంతకుమించి అనలేడు. బరాతులో ఒక్కసారన్నా పేల్చవచ్చని ఎవడైనా బావమరిది ఆశపెట్టినా అదీ కుదరదు. సంబరానికి గాలిలోకి పేల్చి మనుషుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానాయో, రెండూనో అని అదే 2019 సవరణ రాసిపెట్టింది. వేటకు పనికిరాక, కాపలాకు అక్కరలేక, పెండ్లిలో పేల్చరాక మిగిలేది ఒక్క పనే. అది గోడమీద వేలాడాలి, వచ్చినవాళ్లు అడగాలి, అల్లుడు ‘మా మామ పెట్టిండు’ అని చెప్పాలి. తుపాకి ఇల్లు మారుతుంది గానీ చెప్పుకునే కథ మామ పేరు మీదే ఉంటుంది.

కాబట్టి ఈ జిల్లా అల్లుళ్లకు ఒక మాట. ఈసారి పండుగకు మామ ఆ ముచ్చట తీస్తే ‘వద్దు’ అనకండి, నొచ్చుకుంటాడు. వంగి దండం పెట్టి, ‘మామా, ఇచ్చేది ఇస్తనే ఉన్నవు, ఆ రెండు గొట్టాలదే ఇయ్యరాదు’ అని అడగండి. ఆ పూటకు బందూకు మాట ఆగిపోతుంది. సాయంత్రానికి బిడ్డ చేతికి గొల్లభామ చీర వస్తుంది. అది సిద్దిపేటలోనే నేస్తారు, దానికి లైసెన్సు అక్కర్లేదు.