దిద్దితే పోయే కవిత్వం

"నేను ఎవర్నీ చదవనండీ. చదివితే వాళ్ళ ప్రభావం నా మీద పడిపోతుంది."

ఈ మాట అన్న కవిగారిని మీరు చూసే ఉంటారు. చూడకపోతే ఏదో ఒక ఆదివారం దగ్గర్లో జరిగే పుస్తకావిష్కరణకు వెళ్ళండి. వేదిక మీద నడిమి కుర్చీలో, రెండు శాలువాల కింద ఉంటారు. ఆయన లెక్కలో ప్రభావం అంటే గాలిలో తిరిగే అంటురోగం. పుస్తకం తెరిస్తే చాలు, సోకేస్తుంది. అందుకని ముక్కుకి గుడ్డ కట్టుకుని పాతికేళ్ళుగా గ్రంథాలయానికి ఎడంగా నడుస్తున్నారు. రోగం సోకలేదు. కవిత్వమూ సోకలేదు.

ఆయనకు రెండో నియమం కూడా ఉంది. రాసింది దిద్దకూడదు. దిద్దితే సహజత్వం పోతుందట. "కవిత దానంతటదే వచ్చేస్తుందండీ, నేను నిమిత్తమాత్రుణ్ణి" అంటారు. నిమిత్తమాత్రులకు మెమెంటో ఎందుకండీ అని మనం అడగకూడదు, సభామర్యాద.

వచ్చేయడం అంటే ఎలా వస్తుందో చూద్దాం. బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. చేతిలో ఫోన్ ఉంటుంది. "అమ్మ లేని ఇల్లు ఖాళీగా ఉంది" అని ఒక వాక్యం తడుతుంది. మంచి వాక్యమే, దుఃఖమూ నిజమైనదే కావచ్చు. కానీ దాంతో ఇంకో పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదు. ఆ ఇంట్లో ఏది ఖాళీ? వంటగదిలో పోపులడబ్బా ఎక్కడుంది? దండెం మీద చీర ఉందా, తీసేశారా? ఇవేవీ వెతకరు. "అమ్మ" దగ్గర ఒకసారి ఎంటర్ నొక్కుతారు, "లేని" దగ్గర మరోసారి, "ఇల్లు" దగ్గర ఇంకోసారి. చివర మూడు చుక్కలు. చుక్కల తర్వాత భావమంతా పాఠకుడి పూచీ. దిగాల్సిన స్టాపు వచ్చేలోపు కవిత గ్రూపులో పడుతుంది. అది పడ్డ మరుక్షణం, అంటే చదవడానికి పట్టే సమయం కంటే ముందే, "అద్భుతం సార్", "కళ్ళు చెమర్చాయి మాస్టారూ" అని జవాబులు వచ్చేస్తాయి.

రాత్రికి ప్రశంసాపత్రం. అది దగ్గరగా చూడదగ్గదే. చుట్టూ బంగారు రంగు అంచు, ఎడమవైపు వీణతో సరస్వతి, కుడివైపు నిర్వాహకుడి ఫొటో. సరస్వతి కంటే నిర్వాహకుడు కొంచెం పెద్దగా ఉంటాడు. మధ్యలో కవిగారి పేరు వేరే ఖతిలో అతికించి ఉంటుంది, దానికి ముందు ఒక బిరుదు. అదే బిరుదు ఆ రాత్రి గ్రూపులో ఉన్న అందరికీ వచ్చింది కాబట్టి అసూయలకు తావులేదు. ఇంత సమసమాజం మనకు ఇంకెక్కడా రాలేదు.

తమాషా ఏమిటంటే, ఈయనే తన కూతుర్ని సంగీతం క్లాసుకి పంపిస్తారు. ఆ పిల్ల నెలల తరబడి మాయామాళవగౌళలో సరళీ వరుసలు పాడుతుంది. ఒకే వరుసను మూడు కాలాల్లో పాడాలి. తర్వాత జంటలు, ఆ పైన ఏడు తాళాల్లో అలంకారాలు. గీతం ముఖం చూసేది ఇదంతా అయ్యాకే. "వర్ణం ఎప్పుడు చెప్తారండీ?" అని తల్లి తొందరపడితే మన కవిగారే అడ్డుపడతారు: "పునాది గట్టిగా ఉండాలే, టీచరుగారు చెప్పింది విను." పిల్ల పంచమం దగ్గర కాస్త జారితే పక్కగదిలోంచి కేకేసేదీ ఆయనే. ఆ కేక వేసిన గదిలో, అదే క్షణాన, ఫోన్లో ఆయన రెండో కవిత దానంతటదే వచ్చేస్తూ ఉంటుంది. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు పోయి, "నేను సహజ గాయకుణ్ణి, శ్రుతి నా స్వేచ్ఛకు అడ్డం" అని ఎవరైనా మైకు అందుకుంటే మర్యాదగా దింపేస్తారు. కవిసమ్మేళనంలో మాత్రం మూడు నిమిషాలిచ్చి శాలువా కప్పుతారు. ఆయన తన కవిత చదివేసి, వెనకవాళ్ళు చదవకముందే చెప్పులేసుకుంటారు. ప్రభావం భయం మరి.

ఇక బిరుదుల్లో ఈయనకు బాగా నచ్చింది "సహజకవి". అడిగితే సాక్షులుగా పోతననీ మొల్లనీ పిలుస్తారు. పోతనను సహజ పండితుడన్న మాట నిజమే. ఆ సహజ పండితుడి భాగవతాన్ని నిఘంటువు పక్కన పెట్టుకోకుండా నాలుగు పేజీలు చదవగలరేమో మన సహజకవిగారిని ప్రయత్నించమనండి. మొల్ల సంగతి ఇంకా గడుసుది. తనకు సంధులు రావు, సమాసాలు రావు, శయ్యలూ రీతులూ తెలియవు అని చెప్పుకుంది, గోపవరం మల్లేశ్వరుడి దయ అంది. ఎక్కడ చెప్పుకుంది? సీసపద్యంలో! గణం తప్పకుండా, ఎత్తుగీతితో సహా. రానివాటి జాబితా అంత క్రమంగా చదవాలంటే అవన్నీ వచ్చి ఉండాలని వేరే చెప్పాలా? అది వినయం. మనవాళ్ళు దాన్ని అర్హతా పత్రంగా చదువుకున్నారు.

"శ్రీశ్రీ మాత్రం ఛందస్సు తెంచేయలేదా?" అంటారు తర్వాత. తెంచాడు. తెంచే ముందు దానితో కాపురం చేశాడు. 1928లో అచ్చయిన తొలి పుస్తకం 'ప్రభవ' పద్యాలే, అదీ పాత దారిలో. అప్పటికి తెలుగులో ఉన్నదీ, ఇంగ్లీషు ద్వారా దొరికిన పడమటి కవులదీ ఆబగా చదివిన మనిషి ఆయన. ప్రభావాలు అన్నీ పడనిచ్చాడు, తర్వాత 'మహాప్రస్థానం' రాశాడు. ముప్పైల నాటి ఆ గీతాలు పుస్తకంగా వచ్చింది 1950లో. మన కవిగారు ఆ వ్యవధిలో ఇరవై సంపుటాలు తెచ్చి ఉండేవారు, ఒక్కొక్కటి 500 ప్రతులు, సొంత ఖర్చు.

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 29 రోజుల్లో చెప్పేశారట కదా అనే వాదం కూడా వస్తుంది. ఆ 29 రోజులకు ముందు బందరులో చెళ్ళపిళ్ళ వారి శిష్యరికం ఉంది, 'ఏకవీర' ఉంది. రోజుల సంఖ్యను మాత్రం పట్టుకొచ్చి మిగతాది బందరులోనే వదిలేస్తే ఎలా?

నాకైతే వీళ్ళందరికంటే గురజాడ ఎక్కువ ఇబ్బంది పెట్టే సాక్షి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడింది, జనం మెచ్చుకున్నారు. 1897లో అచ్చయింది. అక్కడితో సరిపోయేది. అప్పుడే గ్రూపులుండి "అద్భుతం సార్" అనే రెండు మాటలు రాత్రికి వచ్చుంటే సరిపోయేదేమో కూడా. ఆయన ఊరుకోలేదు. మెచ్చుకున్న నాటకాన్నే మళ్ళీ ముందేసుకుని, విరగ్గొట్టి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చాడు. ఇవాళ మనం ఆడేది, నవ్వేది, మాటల్లో వాడుకునేది ఆ ఏడంకాల నాటకాన్నే. తొలి కూర్పులో మధురవాణి ఓ చిన్న పాత్ర. ఆ మాటకారితనం, ఆ లోకజ్ఞానం, కథను ఒక ఒడ్డుకు చేర్చే ఆ తెలివీ ఉన్న మనిషి దిద్దుబాటులో పుట్టింది. సహజత్వం పోతుందని ఆయనా భయపడి ఉంటే మనకు మధురవాణి దక్కేది కాదు. ఇంతకంటే సహజమైన మనిషిని తెలుగులో ఇంకెవరు సృష్టించారో కవిగారే చెప్పాలి.

పాతవాళ్ళకు ఈ విషయంలో మొహమాటం లేదు. ప్రతిభ లేకపోయినా సరే, చదువుతూ శ్రమిస్తూ ఉంటే సరస్వతి ఏదో కొంత అనుగ్రహించి తీరుతుందని దండి 'కావ్యాదర్శం'లో ఓదార్చాడు. ప్రతిభ లేనివాళ్ళకు ఇంతకంటే గొప్ప బీమా ఎవరిస్తారు? ప్రీమియం మాత్రం చదువు రూపంలో కట్టాలి, అక్కడే మనవాళ్ళు పాలసీ వదులుకున్నారు.

రాజశేఖరుడు ఇంకో అడుగు ముందుకేసి, 'కావ్యమీమాంస'లో కవికి టైంటేబులే వేసిచ్చాడు. పొద్దున మొదటి జాము చదువుకి. రెండో జాము రాయడానికి. భోజనమయ్యాక కవిత్వం గురించి నలుగురితో చర్చ. నాలుగో జాములో, పొద్దున రాసిందాన్ని తీసి పరీక్షించుకోవడం: ఎక్కువైంది కొట్టేయడం, తక్కువైంది పూరించడం, చోటు తప్పింది సర్దడం. కారణం కూడా చెప్పాడు. రసావేశంలో రాసేటప్పుడు మంచిచెడ్డలు చూసే కన్ను పనిచేయదట. వెయ్యేళ్ళ కిందటి మాట.

ఈ టైంటేబుల్ కాగితం మీద రాసి ఒక కవిగారికి చూపించాను. శ్రద్ధగానే చదివారు. మొదటి జాము కుదరదన్నారు, నడకకు వెళ్ళాలట. చర్చ మాత్రం బాగుందన్నారు, తన కవిత్వం మీదైతే. నాలుగో జాము దగ్గర వేలు పెట్టి ఆగారు.

"ఇది సుమారు ఎన్ని గంటలకండీ?"

"సాయంత్రం మూడు నుంచి ఆరు."

"అబ్బే, ఆరింటికి హాలు బుక్ చేశామండీ. మూడింటికల్లా ఫ్లెక్సీ కట్టించాలి."