కోటీ ఇరవై నాలుగు లక్షల బైట్ల అవతల మా దొడ్డి

గోదావరి డెల్టాలో పుట్టినవాడికి ఈత రాకపోయినా లోకం క్షమిస్తుంది. పులస ముల్లు తీసుకోవడం రాకపోయినా జాలిపడి ఊరుకుంటుంది. నీళ్లు ఎటు పారతాయో చెప్పలేకపోతే మాత్రం క్షమించదు. పంట కాలవ, మురుగు కాలవ, తూములు, లాకులు, అన్నీ ఆ ఒక్క జ్ఞానం మీదే నడిచే సీమ ఇది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు ఇక్కడ ఊరూరా విగ్రహాలు ఉన్నాయంటే, పల్లం ఎటుందో చూసి నీటిని అటు నడిపినందుకే. ఆ గడ్డ మీదే, పాలకొల్లులో సొంతిల్లు కట్టుకుని, మా దొడ్లో వాలు ఎటుందో నేను చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడం కూడా అల్లాటప్పాగా కాదు. చాలా శాస్త్రీయంగా చెప్పలేకపోయాను.

విషయం చిన్నదే. వాన పడితే వంటింటి వెనక నీళ్లు నిలుస్తున్నాయి. "డ్రైను వేయించాలండీ. వాలు ఎటుందో చూసి మేస్త్రికి చెప్పండి చాలు" అంది మా ఆవిడ. తణుకు నుంచి వచ్చి ఉన్న మామగారు, ఈశాన్యం పల్లంగా ఉండాలి కాబట్టి నీళ్లు అటే పోవాలన్నారు. "నీళ్లకేం తెలుసు వాస్తు?" అన్నారు అత్తగారు. నేను గొంతు సవరించుకుని "ఊహలెందుకు, ఆధారం చూద్దాం" అన్నాను. నా కాపురంలో గడ్డు రోజులన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి.

ఆధారం ఎక్కడుందంటే ఆకాశంలో ఉంది. 2000 ఫిబ్రవరి 11న ఎండీవర్ అనే అమెరికా వ్యోమనౌక, 60 మీటర్ల పొడవు దూలం చివర ఒక రాడార్ యాంటెన్నా తగిలించుకుని, పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగింది. ప్రపంచంలోని నేలలో దాదాపు 80 శాతానికి ఎత్తులు కొలిచింది. ఆ కొలతల్ని డిగ్రీకి ఒకటి చొప్పున ముక్కలు చేసి, ఫైళ్లుగా అందరికీ ఉచితంగా ఇచ్చారు. 16వ అక్షాంశం, 81వ రేఖాంశం పేరు పెట్టుకున్న ఫైల్లో ఏలూరు, భీమవరం, తణుకు, నరసాపురం, ధవళేశ్వరం, కొల్లేరు, మా పాలకొల్లు అన్నీ ఉన్నాయి. రాజమండ్రి పదిహేడో అక్షాంశం గీత మీద కూర్చుని పై ఫైల్లోకి ఒరిగింది. అమలాపురం తూర్పు ఫైలు గుమ్మంలో ఉంది.

ఈ ఫైళ్లు తెరిచి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. ఒక్క నొక్కు నొక్కితే మ్యాపు రంగుల్లో వస్తుంది. కానీ ఎవరో రాసినదాన్ని నొక్కడానికా నేను ఇంజినీరింగ్ చదివింది? ఆఫీసులో పొట్టకూటికి జావా రాసినా, నా మనసు ఫంక్షనల్ భాషల మీద, అందులోనూ హాస్కెల్ మీద ఉంది. ఆ ఫైలును హాస్కెల్లో నేనే చదువుతాను, చదివి మళ్లీ రాస్తాను కూడా అని తీర్మానించుకున్నాను. దొడ్లో నీళ్లు నిలిచే ఉన్నాయి.

మా ఆవిడ ఒకసారి కాఫీ ఇవ్వడానికి వచ్చి తెర మీద ఆ ఫైలు చూసింది. "ఇందులో అక్షరాలేవీ?" అంది. ఉండవు. బైనరీ ఫైలంటే మన పోపుల డబ్బా. ఏ గిన్నె మీదా పేరు రాసి ఉండదు. ఆవాలు ఎక్కడో, మెంతులు ఎక్కడో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఈ ఫైలూ అంతే. శీర్షిక లేదు, ఊరు పేరు లేదు, చివర సంతకం లేదు. వాయవ్య మూల నుంచి మొదలై పడమర నుంచి తూర్పుకు ఒక వరస, దాని కింద ఇంకో వరస, అలా 3601 వరసలు, వరసకు 3601 అంకెలు. ఒక్కో అంకెకు రెండేసి బైట్లు. మొత్తం 2,59,34,402 బైట్లు. ఫైలుకు పేరు నైరుతి మూల నుంచి, లెక్క వాయవ్యం నుంచి. "ఇది వాస్తుకు పూర్తి విరుద్ధం" అన్నారు మామగారు. మొదటిసారి ఆయనతో ఏకీభవించాను.

మా ఇల్లు సుమారు 16.52 అక్షాంశం, 81.73 రేఖాంశం దగ్గర. పై నుంచి 1728 వరసలు దాటి, ఎడమ నుంచి 2628 అంకెలు వదిలేయాలి. అంటే సరిగ్గా 1,24,50,312 బైట్లు దాటితే మా దొడ్డి వస్తుంది. ఈ సంఖ్యను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. పాల వాడు అది ఫోన్ నంబరనుకున్నాడు.

ఇక రెండు బైట్లలో ఏది ముందు అనే పేచీ ఉంది. పెద్ద విలువ ఉన్న బైటు ముందు రాస్తే బిగ్ ఎండియన్, చిన్నది ముందు రాస్తే లిటిల్ ఎండియన్. జొనాథన్ స్విఫ్ట్ 1726లో గల్లివర్ కథలో గుడ్డును ఏ కొన నుంచి పగలగొట్టాలన్న దాని మీద రెండు రాజ్యాల మధ్య యుద్ధం పెట్టించాడు. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఆ గుడ్ల తగాదాను తెచ్చి బైట్ల తగాదాకు అంటగట్టాడు. తూర్పు గోదావరి గుడ్డుకూ పశ్చిమ గోదావరి గుడ్డుకూ పేపర్లో వేర్వేరు ధరలు చదివే ప్రాంతం వాడిని కాబట్టి, గుడ్ల మీద యుద్ధం నాకేమీ వింతగా తోచలేదు. వచ్చిన చిక్కల్లా, ఎండీవర్ ఫైలు బిగ్ ఎండియన్, నా ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ లిటిల్ ఎండియన్. హాస్కెల్లో 'బైనరీ' అనే లైబ్రరీ ఉంది. అందులో రెండు బైట్లు ఈ వరసలో చదువు అని చెప్పడానికి ఒక మాట, ఆ వరసలో చదువు అని చెప్పడానికి ఇంకో మాట ఉన్నాయి. చిన్న చిన్న చదువరులను తయారుచేసి, ఒకదాని వెనక ఒకటి ముడివేసుకుంటూ పోతే మొత్తం ఫైలును చదివే పెద్ద చదువరి తయారవుతుంది. ఎంత అందమో! చెబితే వినేవాళ్లు కావాలి గానీ.

వినేవాళ్లు మామగారు దొరికారు. తేడా చూపిద్దామని అదే ఫైలును తిరగేసి చదివి చూపించాను. 5 మీటర్లంటే బైట్లు సున్నా, ఐదు. తిప్పి చదివితే ఐదు, సున్నా. ఐదు రెండువందల యాభై ఆర్లు, 1280 మీటర్లు. "చూశారా మామగారూ, ఇప్పుడు పాలకొల్లు అరకు కన్నా ఎత్తు. 9 మీటర్లున్న ఊరైతే ఊటీని దాటేస్తుంది" అన్నాను. ఆయన 'తిప్పి చదివితే' అన్న ముక్క వదిలేసి, మిగతాది కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. వాట్సాప్ సర్వర్లు నడిచేది ఎర్లాంగ్ అనే మరో ఫంక్షనల్ భాషలో. బిట్లను ముక్కలుగా విడదీసి చూడ్డానికి ఆ భాషలోనే చక్కటి వ్యాకరణం ఉంది. ఆ భాష ఏ లోపమూ లేకుండా మోసుకెళ్లిన వార్త చదివి, హైదరాబాద్ నుంచి మా తోడల్లుడు "అక్కడ చలి ఎలా ఉంది?" అని అడిగాడు.

సున్నా కన్నా తక్కువ ఎత్తులకు ఇంకో జాగ్రత్త కావాలి. గుర్తు ఉన్న అంకెగా చదవాల్సిన -1ని గుర్తు లేనిదిగా చదివితే 65,535 అవుతుంది. ఆ ఒక్క గుర్తు తప్పితే మీటరు లోతు చేపల చెరువు ఎవరెస్టుకు ఏడు రెట్లు లేచి నిలబడుతుంది. రాడార్‌కు ఏమీ కనపడని చోట -32768 అని రాసి ఉంటుంది. దాన్ని ఎత్తు అనుకోకూడదు, 'సమాధానం లేదు' అని అర్థం చేసుకోవాలి. హాస్కెల్లో దీనికి 'మేబీ' అనే రకం ఉంది. విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు. లేకపోతే ఏం చేస్తావో కూడా ముందే చెప్పమని గట్టిగా అడిగించుకోవచ్చు. మా ఇంట్లో "డ్రైను సంగతి ఏం చేశారు?" అన్న ప్రశ్నకు నేను కొన్నాళ్లుగా రెండో రకం సమాధానమే ఇస్తున్నాను.

"ఈ భాషకు ఒక గొప్ప గుణం ఉంది. అవసరం పడేదాకా, ఎవరైనా అడిగేదాకా ఏ లెక్కా చేయదు" అని ఒక రాత్రి మా ఆవిడకు చెప్పాను. "అడిగితే చేస్తుందా?" అంది. "వెంటనే" అన్నాను. "అయితే మీకన్నా నయమే" అని లైటు తీసేసింది.

చదవడం అయ్యాక రాయడం. రాసినదాన్ని మళ్లీ చదివితే మొదటి విలువే రావాలి. దాన్ని పరీక్షించడానికి క్విక్‌చెక్ అనే పనిముట్టు ఉంది. కూన్ క్లాసెన్, జాన్ హ్యూస్ దాన్ని 2000లోనే, ఎండీవర్ తిరిగిన ఏడాదే, లోకానికి పరిచయం చేశారు. అది తనంతట తాను అడ్డదిడ్డమైన ఎత్తులు పుట్టించి, రాయించి, చదివించి, సరిపోల్చుతుంది. నా ప్రోగ్రాం అన్ని పరీక్షలూ నెగ్గింది. జిల్లా మొత్తాన్ని చదివి, జిల్లా మొత్తాన్ని రాసి, ఒక్క బిట్టు తేడా లేకుండా మొదటి ఫైలునే మళ్లీ సృష్టించాను. కేక పెట్టి అందర్నీ పిలిచాను. "అంటే ముందు ఏముందో ఇప్పుడూ అదే ఉందన్న మాట" అన్నారు అత్తగారు. కంప్యూటర్ సైన్సులో ఈ ధర్మాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

పోనీ మార్చి చూపిస్తానని, మా ఇంటి అంకెను ఒక మీటరు పెంచాను. ఫంక్షనల్ భాషలో ఉన్న విలువను అక్కడికక్కడ చెరపడం మర్యాద కాదు, కొత్తది తయారుచేసుకోవాలి. నేను రాసిన తీరులో, మా దొడ్డి మెరక చేయడానికి కొల్లేరుతో సహా రెండు కోట్ల యాభై తొమ్మిది లక్షల బైట్లూ మళ్లీ కాపీ చేయాల్సి వచ్చింది. "నాలుగు ట్రక్కుల మట్టి తోలిస్తే పోయేదానికి" అని గొణిగింది మా ఆవిడ.

చివరికి అసలు జవాబు తెర మీదికి వచ్చింది. మా ఇంటి ఎత్తు: 5. పక్క అంకె చూశాను: 5. ఆ పక్కది: 5. దక్షిణం వైపు 4 ఉంది, కానీ అది వీధి అవతల కిరాణా కొట్టు. ఒక్కో అంకె కొలిచేది ఇంచుమించు 30 మీటర్లు బై 30 మీటర్లు. మన లెక్కలో 22 సెంట్లు. మాది ఆరు సెంట్ల స్థలం. మా ఇల్లు, పక్కిల్లు, సందు, కొబ్బరి చెట్లు, అన్నీ కలిపి ఒక్క ఐదు. 2014 దాకా మన దేశానికి 90 మీటర్ల లెక్కే ఇచ్చేవాళ్లు. అప్పుడైతే రెండెకరాలకు ఒక్క అంకె. పైగా ఆ రాడార్ తరంగం కొబ్బరి మట్టల్లోంచే చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. అందుకని ఐదులో నేల ఎంతో, చెట్టు ఎంతో దేవుడికెరుక.

"ఇంతకీ ఇది ఎప్పుడు కొలిచారన్నారు?" అని అడిగింది మా ఆవిడ. "2000 ఫిబ్రవరి." "అప్పుడు ఇక్కడ వరి చేను కదండీ. మనం మెరక తోలించి ఇల్లు కట్టింది తర్వాత కదా." నా టైపులు అన్నీ సరిపోయాయి. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా చేయలేదు. లేని చేనుకు కొలత సరిగ్గా చదివాను.

ఇందులో నాకు కాస్త తోడు కొల్లేరు. అక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న గొడవంతా అయిదో కాంటూరా, మూడో కాంటూరా అన్నదే. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టారు. అయిదో కాంటూరంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు, మీటరున్నర. మూడుకూ అయిదుకూ మధ్య రెండడుగుల్లో వేల ఎకరాల చెరువులు, వేల సంసారాలు ఉన్నాయి. నా ఫైల్లో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. పైగా ఆ కొలతలకు పెట్టుకున్న హద్దు 16 మీటర్ల దాకా తేడా. హిమాలయానికి సరిపోయే లెక్క అది. డెల్టాలో బతుకులు అంగుళాల మీద నడుస్తాయి.

మర్నాడు నాకు చెప్పకుండానే మా ఆవిడ మేస్త్రిని పిలిపించింది. ఆయన నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తెచ్చాడు. ఒక కొన కుర్రాడు వంటింటి గోడకు పట్టుకున్నాడు. రెండో కొన మేస్త్రి ప్రహరీకి పట్టుకున్నాడు. నీళ్లు రెండువైపులా ఒకే మట్టానికి వచ్చి ఆగగానే పెన్సిలుతో గీతలు పెట్టి, టేపుతో కిందికి కొలిచాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. "ఇక్కడ రెండంగుళాలు గుంటండి. ఈశాన్యం మూల నాలుగంగుళాలు పల్లం. అటే తోసేద్దామండి" అన్నాడు. మామగారు మీసం దువ్వుకున్నారు. "వాస్తు గురించి కాదండి బాబూ, వీధి డ్రైను అటుంది" అన్నాడు మేస్త్రి. మామగారు రెండో వాక్యం వినలేదు.

"తమరు ఏదో కంప్యూటర్లో చూస్తున్నారంట కదండి, ఎంతొచ్చిందండి?" అని నన్నడిగాడు.

"ఐదు" అన్నాను.

"ఆయ్, అయిదంగుళాలా?"

"మీటర్లు."

ఆయన మర్యాదస్తుడు. మా దొడ్డి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ట్యూబు చుట్టుకున్నాడు.

డ్రైను పడింది. నీళ్లు నిలవడం లేదు. మేస్త్రి మాత్రం గోడ మీద పన్నెండు చోట్ల అంగుళాలు రాసి వెళ్లాడు. అంత విలువైన సమాచారం పెన్సిలు గీతల్లో ఉండటం నేను భరించలేకపోయాను. అంకెకు రెండు బైట్లు, గుర్తుతో సహా, బిగ్ ఎండియన్. పన్నెండు అంకెలకు ఇరవై నాలుగు బైట్ల ఫైలు. ఎండీవర్ వాళ్లలా శీర్షిక లేకుండా వదలడం ఇష్టంలేక ముందు 'దొడ్డి' అని రాశాను. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి ఆ రెండక్షరాలే పద్దెనిమిది బైట్లు తిన్నాయి. మొత్తం నలభై రెండు. దాన్ని చదివే ప్రోగ్రాం ఎన్ని బైట్లన్నది మా ఆవిడకు చెప్పలేదు.

పండక్కి గోడలకు రంగు వేయించారు. మేస్త్రి గీతలు పోయాయి. మా దొడ్డి వాలుకు ఇప్పుడు నా ఫైలు తప్ప వేరే సాక్ష్యం లేదు. ఎవరైనా అడిగితే రెప్పపాటులో చెప్పేస్తుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగేదాకా పని మొదలుపెట్టని భాష కాబట్టి దానికీ తొందర లేదు, నాకూ లేదు.