పంజరం చిలక్కి కాదు, తీగలకి

చిలక వైరు కొరుకుతోందంటే చిలకను మాన్పించాలని చూడొద్దు. కొరకనివ్వండి. ఇప్పుడు కొరుకుతున్నదానికి పదింతలు కొరకనివ్వండి. హాల్లో టీవీ ఉండాలా, చిలక ఉండాలా అనే దాకా వస్తే టీవీని బయటికి పంపించండి. ఫోను ఛార్జింగ్ పెట్టాలంటే మీరే లేచి పడగ్గదిలోకి వెళ్లండి. ఇవి తలకిందుల మాటలనిపిస్తే అనిపించనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, పక్షులమ్మే షాపువాళ్లు చెప్పే చిట్కాలన్నీ చిలకను మార్చాలని చూసేవే. మారాల్సింది ఇల్లు.

అసలు సంగతిలోకి వెళ్లేముందు చట్టం మాట. మన జామతోటల్లో తిరిగే ఆకుపచ్చ రామచిలకను పట్టుకోవడం, కొనడం, పంజరంలో పెట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను చెప్పేదంతా బయటి దేశాల మూలాలున్న జాతుల గురించి: కాకటీళ్లు, లవ్‌బర్డ్స్, బడ్జీలు, సన్ కాన్యూర్లు, ఆఫ్రికన్ గ్రేలు. వీటిలో కాన్యూర్లను, గ్రేలను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేయించకపోతే ముందు ఆ పని చూడండి.

చెట్టు మీద చిలక్కొట్టిన జామకాయ దొరికితే కళ్లకద్దుకుని తింటాం. అదే ముక్కు ఛార్జరు వైరు మీద పడగానే అరుపులు మొదలుపెడతాం. చిలక దృష్టిలో రెండూ ఒకటే పని. దాని ముక్కు పైపొర మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారై, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. అడవిలో చెట్టు తొర్రను ముక్కుతోనే చెక్కి పెద్దది చేసుకుంటుంది, బెరడు ఒలుస్తుంది, కాయలు చీలుస్తుంది. మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడంలోనే గడిచిపోతుంది. మనింట్లో గిన్నె నిండా గింజలు పోసి పెడితే ఆ పనంతా కాసేపట్లో ముగిసిపోతుంది. మిగిలిన పూటంతా ఆ ముక్కు ఏం చేయాలి? పీచ్ ఫేస్డ్ లవ్‌బర్డ్స్‌లో ఆడపక్షి అయితే ఆకుల్ని, కాగితాల్ని సన్నటి పీలికలుగా కోసి, నడుం మీది ఈకల్లో దోపుకుని గూటికి మోసుకెళ్తుంది. దాని కంటికి వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కూడా కోసుకోదగ్గ సరుకే.

ఒక కాకటీల్ సోఫా అంచు మీద కూర్చుని వైరు అందుకోవడం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి. వెంటనే కొరకదు. ముందు పొట్టి, మందపాటి నాలుకతో తడుముతుంది. తర్వాత కింది ముక్కును వైరుకి ఆనించి, పై ముక్కు కొనతో మెల్లగా నొక్కుతూ, జపమాల తిప్పినట్టు ఆ వైరును కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోతుంది. నున్నగా ఉన్నంతసేపూ ఆగదు. ఎక్కడో ఒక చిన్న గీత, ఒక అతుకు, పిన్ను మొదట్లో ఉండే గాట్లున్న రబ్బరు మెడ తగులుతుంది. అక్కడ ఆగుతుంది, కళ్లు సగం మూసుకుంటుంది, పని మొదలుపెడుతుంది. ముక్కుకి కావాల్సింది అంచు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఇంట్లో ఏం మార్చాలో మీకే తెలిసిపోతుంది.

ఇక చలామణీలో ఉన్న చిట్కాల సంగతి. అన్నింటికన్నా పేరున్నది కారం. వైరుకి కారప్పొడి రాయండి, పచ్చిమిరపకాయ రుద్దండి అంటారు. చిలక్కి పచ్చిమిరపకాయ ఇష్టమని మన ఊళ్లలో చిన్నపిల్లలక్కూడా తెలుసు, అయినా ఈ సలహా చావదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ మన నరాల్లోని ఒక గ్రాహకం మీద పనిచేస్తుంది. పక్షుల్లో ఆ గ్రాహకానికి క్యాప్సైసిన్ పట్టదని, కోడి గ్రాహకం మీద చేసిన ప్రయోగాలతో శాస్త్రవేత్తలు డేవిడ్ జూలియస్, స్వెన్ ఎరిక్ యోర్ట్ 2002లో చూపించారు. ఈ గ్రాహకాన్ని కనుగొన్నందుకే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. మిరప మొక్క లెక్క వేరు: గింజల్ని నమిలి నాశనం చేసే ఎలుకలు దూరంగా ఉండాలి, మింగి దూరంగా విసర్జించే పక్షులు దగ్గరికి రావాలి. గుంటూరు తేజ రకం పూసినా మీ కాన్యూరుకి అది తాలింపు వేసిన వైరే. మంట మాత్రం మీ పిల్లల చేతులకి, కళ్లకి. మంట పుట్టకపోయినా ఆ పొడి దుమ్ములా పక్షి కళ్లలో, ముక్కురంధ్రాల్లో పడితే దానికీ బాధే.

రెండోది చేదు: వేపనూనె, కాకరరసం. మన వేపచెట్ల కింద ఎండాకాలం పోయి నిలబడితే రామచిలకలు వేపపళ్లు తింటూ కనిపిస్తాయి. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు వేలల్లో ఉంటే చిలక్కి వందల్లోనే ఉంటాయి. చేదు చూపించి భయపెట్టడం పిల్లల బొటనవేలి దగ్గర పనిచేస్తే చేయొచ్చుగాని, ఇక్కడ కుదరదు.

మూడోది అరవడం. "ఏయ్, వద్దు!" అని ఇంటిల్లిపాదీ ఒక్కసారి లేస్తే గుంపులో ఉండే పక్షికి అంతకన్నా ఆనందం లేదు. వైరు ముట్టుకుంటే అందరూ నావైపు తిరుగుతారని నేర్చుకుంటుంది. మాటలొచ్చిన ఆఫ్రికన్ గ్రే అయితే వైరు నోట్లో పెట్టుకుని అదే "వద్దు" అంటుంది. నీళ్లు చల్లమనేవాళ్లూ ఉన్నారు. తడి ముక్కు, తడి వైరు, దగ్గర్లో కరెంటు. ఆ సలహా ఇచ్చేవాళ్లని ఇంట్లోకి రానివ్వకండి.

ఇన్సులేషన్ టేపు చుట్టడం ఇంకా దారుణం. దాని కొస ఎప్పుడూ కాస్త లేచి ఉంటుంది, అంటే ముక్కుకి కావాల్సిన అంచు మనమే చేసి ఇచ్చినట్టు. స్ప్రింగులా చుట్టే ప్లాస్టిక్ తొడుగులదీ ఇదే కథ, ప్రతి చుట్టూ ఒక అంచే.

కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు కదా అని ఎవరో ఒకరు అంటారు. కాకి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, కాళ్ల మధ్య వోల్టేజీ తేడా దాదాపు ఉండదు, అందుకే కరెంటు దాని ఒంట్లోంచి పోదు. మన ఫ్రిజ్ వైరులో ఫేజు, న్యూట్రల్ పక్కపక్కనే ఉంటాయి. ముక్కు ఒక్కసారి లోతుగా దిగితే రెండూ తగులుతాయి, 230 వోల్టులు నాలుక మీదుగా దారి వెతుక్కుంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో 120 వోల్టులే, అయినా చిన్న ప్రాణాన్ని తీయడానికి అది చాలు.

మా ఇంట్లో ట్రిప్పర్ ఉందిలెండి అని ధైర్యంగా ఉండేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. మామూలు ట్రిప్పర్, అంటే ఎంసీబీ, ఆంపియర్ల లెక్కలో కరెంటు మితిమీరితేనే పడుతుంది. చిలకను చంపడానికి అందులో వెయ్యో వంతులు సరిపోతాయి. కరెంటు లీకైతే పడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనుషుల ప్రాణాలు కాపాడుతుంది, ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. కానీ అది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అనే చూస్తుంది. చెక్క కుర్చీ మీదో సోఫా మీదో కూర్చున్న చిలక నోట్లో ఫేజు, న్యూట్రల్ కలిస్తే వెళ్లిందంతా తిరిగొస్తుంది, భూమిలోకి ఏమీ పోదు. దాని లెక్క సరిపోతుంది, చిలక పోతుంది.

స్విచ్ ఆపేస్తే చాలదా? వైరింగ్ సరిగ్గా ఉంటే స్విచ్ ఫేజును ఆపుతుంది. పాత ఇళ్లలో, తొందరపాటు రిపేర్లలో న్యూట్రల్‌కి స్విచ్ వేసినవి ఉంటాయి. అక్కడ స్విచ్ ఆపినా వైరులో ఫేజు అలాగే ఉంటుంది. కాబట్టి ప్లగ్గు ఊడదీయండి. ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, మిక్సీ వాడాక ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్టి, అల్మరాలో పెట్టి తలుపు మూయండి.

ఫోను ఛార్జరు వైరులో మామూలుగా ఉండేది 5 వోల్టులే, దానికి షాకు భయం లేదు. దాని ప్రమాదం వేరు. లోపలి సన్నటి రాగి పోగులు కడుపులోకి పోతాయి. కొన్ని పాత వైర్ల పీవీసీలో సీసం కూడా ఉంటుంది. పక్షి వాంతి చేసుకోవడం, రెట్ట రంగు మారడం, నీరసంగా ముడుచుకుని కూర్చోవడం, వణకడం కనిపిస్తే విషం ఎక్కిందని అనుమానించి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు తీగలకి పంజరం కట్టే పని. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గోడవెంట పీవీసీ కేసింగ్ వేయించండి, మూలల్లో మూత గట్టిగా పట్టిందో లేదో వేలితో లాగి చూడండి. గోడకీ సామానుకీ మధ్య వేలాడే వైరుని ముక్కు పట్టనంత లావుగా ఉండే నున్నటి పీవీసీ గొట్టంలోంచి తీసుకెళ్లండి. గుండ్రంగా, నున్నగా ఉంటే చిన్న జాతులకి పట్టు దొరకదు. గ్రేలాంటి పెద్ద ముక్కులకి ఇది కూడా కొన్నాళ్ల ముచ్చటే, వాటి దగ్గర వైరు కంటికే కనపడకూడదు. గాల్వనైజ్డ్ ఇనప గొట్టం మాత్రం వద్దు, దాని పూతలో జింక్ ఉంటుంది, అదీ విషమే. ఎక్స్‌టెన్షన్ బాక్సుని మూతున్న చెక్కపెట్టెలో పెట్టి, గాలాడడానికి వెనకవైపు రంధ్రాలు చేయించండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్ ఉన్న గదికి చిలక పోకూడదు, అంతే. అత్తగారి సీరియల్ గది మారుతుంది, మారనివ్వండి. వైర్లు తక్కువ కదా అని పక్షిని వంటింట్లోకి మార్చేవాళ్లున్నారు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో చిలక ప్రాణం తీస్తుంది, ఆ ఆలోచన మానుకోండి.

కొరకడానికి ఇవ్వాల్సినవాటి దగ్గర చెయ్యి బిగపట్టకండి. జామకొమ్మలు బెరడుతో సహా, వేపపుల్లలు, వెదురు ముక్కలు, తాటాకు పీలికలు, మొక్కజొన్న పొత్తు పొట్టుతో పాటు, ఎండిన కొబ్బరిమట్ట ఈనె. మందు కొట్టని చెట్టువే తెచ్చి, కడిగి, ఆరబెట్టి ఇవ్వండి. గన్నేరు, ఉమ్మెత్త దరిదాపుల్లో ఉండకూడదు. కొబ్బరిపీచు ఇస్తే పొట్టిగా కత్తిరించి ఇవ్వండి, పొడుగు పోగులు కాలివేళ్లకి చుట్టుకుంటాయి. విస్తరాకులో గింజలు పోసి, మడిచి, ఈనెపుల్లతో గుచ్చి వేలాడదీయండి. గిన్నెలో తిండి తగ్గించి ఇలా దాచిపెట్టండి, దాన్ని విప్పడానికి పక్షి పూటంతా కష్టపడుతుంది. నేల నిండా పొట్టు పడుతుంది. పడనివ్వండి, రోజుకి రెండుసార్లు ఊడవండి. పాత క్యాలెండరు తిరుపతిదైతే దేవుడి బొమ్మ కత్తిరించుకుని మిగతా కాగితం ఇచ్చేయండి. వైరులా కనిపించే తాళ్లు, గొట్టాలు మాత్రం ఆటవస్తువులుగా ఇవ్వకండి. పాత ఇయర్‌ఫోన్ వైరు ఇచ్చి ఆడుకోమన్నవాళ్లు, కొత్త ఫ్రిజ్ వైరు ముట్టుకోవద్దని ఏ నోటితో చెబుతారు?

ఇంత చేసినా షాకు కొడితే పక్షిని పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. తర్వాత ఎండిన చెక్కతో వైరుని పక్కకి తొయ్యండి. నోరు, నాలుక కాలి ఉండొచ్చు, కాబట్టి నీళ్లు, తిండి బలవంతంగా పెట్టొద్దు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, వెచ్చగా, చీకటిగా ఉంచి బయల్దేరండి. తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకి సొంత ఆసుపత్రులున్నాయి, హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. ఏ ఊరైనా పక్షుల్ని చూసే డాక్టరు ఎవరో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. కాసేపటికి లేచి ఈలవేసిందని ప్రయాణం మానుకోవద్దు. షాకు తగిలిన కొన్ని గంటలకి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలవ్వొచ్చు. తోక ఊపిరితో పాటు పైకీ కిందకీ ఊగుతుంటే అదే జరుగుతోందేమోనని భయపడండి.

అన్నిటికన్నా కష్టమైనవి పండగ రోజులు. సంక్రాంతికి బంధువులు దిగగానే ప్రతి ప్లగ్గులో ఒక ఛార్జరు, ప్రతి మంచం మీద ఒక వైరు. దీపావళికి సీరియల్ లైట్లు చిలక కూర్చునే కిటికీకే కడతారు. వచ్చినవాళ్ల ఛార్జర్లన్నీ గుమ్మం దగ్గరే అడిగి తీసుకుని, పడగ్గదిలో ఒక్కచోట పెట్టి తలుపేయండి. కొత్తల్లుడైనా, వియ్యపురాలైనా సరే, నొచ్చుకుంటారని వెనక్కి తగ్గొద్దు. వాళ్ల ఫోనుకి ఛార్జింగ్ అయిపోతే మీ ఫోను ఇవ్వండి.