స్టూడియో పిన్నిగారు

బోర్డు మీద ప్రొప్రైటరుగా మొగుడి పేరుండేది. ఆయన పనల్లా కౌంటరు దగ్గర రసీదులు రాయడం, లోపల్నుంచి "లైటు!" అని కేక వినపడగానే స్విచ్చి వేయడం. తక్కిన స్టూడియో అంతా పిన్నిగారిదే. 1970ల్లో అదృష్టం ఉన్న చిన్న ఊరికి ఇలాంటి పిన్నిగారు ఒకావిడ ఉండేది.

పరదా దాటని ఆడవాళ్ల కోసం ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో 1892లోనే జనానా స్టూడియో తెరిచి, ఒక దొరసానికి అప్పగించాడు. పిన్నిగారికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే, "దొరసానికి కుచ్చిళ్లు సర్దడం వచ్చా?" అని అడిగి ఉండేది.

కెమెరా ముందుకొస్తే మునసబైనా, ముంజలమ్మే వాడైనా ఆవిడకి ఒకటే. "గడ్డం దించు. అంత కాదు. హాల్‌టిక్కెట్టు ఫోటోకి ఎందుకురా ఆ నవ్వు, పాసయినట్టు?"

గోడకి ఒక కోటు వేలాడేది. ఊళ్లో పెళ్లికొడుకులందరూ అందులోనే దిగారు. బక్కవాళ్లకి వీపు వెనక బట్టల క్లిప్పులు. లావువాళ్లకి బొత్తాలు అందవు కనక చేతులు కట్టించేది.

యాషికా కెమెరాలో 120 రోలు వేస్తే 12 ఫోటోలు. పన్నెండూ అయితేగాని కడిగేది కాదు. అర్జంటు అన్నవాడికి, "ఇంకా నాలుగున్నాయి. నువ్వే దిగుతావా, మీవాళ్లని తీసుకొస్తావా?" అనేది. దరఖాస్తు ఫోటోకని వచ్చిన కుర్రాడు, వైరులేని టెలిఫోను చెవికి ఆనించుకుని కూడా ఒకటి దిగి, జేబు తడుముకుంటూ వెళ్లేవాడు.

అసలు విద్య కిటికీ దగ్గర వాలుబల్ల మీద. నెగటివ్ మీద సన్నగా పెన్సిలు గీస్తే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. అలా ఎన్ని మశూచి మచ్చలు పూడ్చిందో! పెళ్లిసంబంధాల ఫోటో అయితే పిల్ల తల్లి పక్కనే కూచుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది.

"ఇంతకన్నా గీస్తే, వాళ్లొచ్చినప్పుడు ఇంకో పిల్లని కూచోబెట్టాలమ్మా."

మగపెళ్లివారూ తక్కువ తినలేదు. పెళ్లిచూపులకి పోయే దారిలో స్టూడియో దగ్గర ఆగి, "ఫోటోలో ఉన్నట్టే ఉంటుందా అమ్మాయి?" అని ఆరా తీసేవారు. ఆవిడ నిజం చెప్పేది కాదు, అబద్ధమూ ఆడేది కాదు. "నా ఫోటో ఎప్పుడూ బాగుంటుందండీ" అని ఊరుకునేది.

మీ ఇంట్లోనూ తాతగారు కోటులో హుందాగా నిలబడ్డ ఫోటో ఉంటే, ఫ్రేము విప్పి అట్ట వెనక స్టూడియో ముద్ర చూడండి. ఆ కోటు ఆయనది కాకపోవచ్చు.